ఎఫ్‌టీఏ కార్డు సమీక్ష: పిట్ట రక్తానికి ఈ కాగితం ఎంతవరకు పనికొస్తుంది?

పక్షుల జన్యు పరిశోధన అనగానే సీక్వెన్సర్ల (డీఎన్‌ఏ చదివే మెషీన్ల) గురించి, సాఫ్ట్‌వేర్ల గురించి మాట్లాడతారు. శాంపిల్ గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. కొండ మీద పది గ్రాముల పిట్ట నుంచి తీసిన రెండు చుక్కల రక్తం ల్యాబ్‌కి వచ్చేలోపే పాడైపోతే, అక్కడ ఎంత ఖరీదైన మెషీన్ ఉన్నా ఒరిగేదేమీ ఉండదు. ఆ రెండు చుక్కల్ని ఐస్ లేకుండా, ఫ్రిజ్ లేకుండా నెలల తరబడి దాచిపెట్టే వస్తువుగా వాట్‌మన్ ఎఫ్‌టీఏ క్లాసిక్ కార్డుకు పేరుంది. పక్షుల జీవావరణం, పరిణామం, జన్యు వైవిధ్యం మీద పనిచేసే ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ విద్యార్థులు, అటవీ శాఖ కోసం శాంపిళ్ళు తీసే పశువైద్యులు, చిలుకలకు ఆడా మగా పరీక్ష చేయించే పెంపకందారులు దీన్ని కొనాలా వద్దా అని అడుగుతుంటారు. ఈ సమీక్ష వాళ్ళ కోసమే.

తీర్పు ముందే చెప్పేస్తాం. చిన్న పిట్ట, తక్కువ రక్తం, కరెంటు లేని క్యాంపు, పీసీఆర్‌తో (డీఎన్‌ఏలో కావాల్సిన ముక్కకు లెక్కలేనన్ని నకళ్ళు తీసే పద్ధతితో) తేలిపోయే ప్రశ్న: ఈ నాలుగూ కలిసినచోట దీన్ని మించినది లేదు. మొత్తం జీనోమ్ (జీవి పూర్తి డీఎన్‌ఏ) చదవాలనే ఆలోచన ఏ మూలన ఉన్నా కార్డు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. పక్కన ఇంకో ట్యూబు తప్పకుండా ఉండాలి.

పైకి చూస్తే ఇది మందపాటి తెల్ల అద్దుడు కాగితం, దానికి ఒక అట్ట మూత. కాగితం మీద అంగుళం వ్యాసంతో నాలుగు వలయాలు అచ్చువేసి ఉంటాయి. రెండు వలయాలుండే మినీ, ఒక్క వలయం ఉండే మైక్రో రకాలు కూడా దొరుకుతాయి. ఒక్కో వలయం గరిష్ఠంగా 125 మైక్రోలీటర్ల రక్తం పీల్చుకుంటుంది. అసలు పనితనం కాగితంలో ఇంకిపోయి ఉన్న రసాయనాలది. ఒక బలహీన క్షారం, లోహ అయాన్లను పట్టేసే ఈడీటీఏ, సబ్బు లాంటి ఎస్‌డీఎస్, యూరిక్ ఆమ్లం అందులో ఉంటాయి. (పక్షి రెట్టలో తెల్లగా కనిపించేది కూడా యూరిక్ ఆమ్లమే.) రక్తం తగలగానే ఎస్‌డీఎస్ కణాల పొరల్ని పగలగొడుతుంది, ప్రోటీన్లను నిర్వీర్యం చేస్తుంది. డీఎన్‌ఏను కోసే ఎంజైములకు మెగ్నీషియం కావాలి, దాన్ని ఈడీటీఏ దొరకనివ్వదు. బయటపడిన డీఎన్‌ఏ కాగితపు పీచుల్లో చిక్కుకుని అక్కడే ఉండిపోతుంది. ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయంలో లీ బర్గోయిన్ చేసిన పని ఇది. పేరులో ఉన్న ‘ఎఫ్’ ఆ ఫ్లిండర్స్‌దే.

పిట్ట రక్తం లెక్క వేరు

ఈ కార్డుతో వచ్చే సూచనల కాగితం మనిషి రక్తాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినది. దాన్ని ఉన్నదున్నట్టు పాటిస్తే పక్షుల విషయంలో దెబ్బతింటాం. కారణం తెలిస్తే తర్వాత వచ్చే సగం సమస్యలు ముందే అర్థమవుతాయి.

మన ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉండదు. డీఎన్‌ఏ కావాలంటే తెల్లకణాలే దిక్కు. మైక్రోలీటరుకు అవి ఐదు నుంచి పదివేలు, ఒక్కో కణంలో సుమారు 6 పికోగ్రాముల డీఎన్‌ఏ. అంటే మైక్రోలీటరుకు 30 నుంచి 60 నానోగ్రాములు. పక్షుల ఎర్రకణాల్లో కేంద్రకం ఉంటుంది. కోడినే తీసుకుంటే మైక్రోలీటరుకు సుమారు ముప్ఫై లక్షల ఎర్రకణాలు, కణానికి సుమారు 2.5 పికోగ్రాములు. గుణిస్తే 7,500 నానోగ్రాములు. మనిషి రక్తం కంటే వంద రెట్లకు పైనే.

ఇప్పుడు కార్డు వైపు చూడండి. 125 మైక్రోలీటర్లు నిండిన వలయం నుంచి 2 మి.మీ. డిస్క్ (గుండ్రటి ముక్క) పంచ్ చేస్తే అందులో సుమారు 0.8 మైక్రోలీటరు రక్తం ఉంటుంది. పిట్ట రక్తమైతే లెక్క ప్రకారం 6 మైక్రోగ్రాముల డీఎన్‌ఏ. ఒక పీసీఆర్‌కు కావాల్సింది 10 నుంచి 50 నానోగ్రాములు. వంద రెట్లకు పైగా ఎక్కువ టెంప్లేట్ (నకలు తీయాల్సిన డీఎన్‌ఏ) వేస్తే పీసీఆర్ బాగా రాదు. జెల్ మీద బ్యాండు (డీఎన్‌ఏ గీత) బదులు పైనుంచి కిందికి మసకగా పూసినట్టు వస్తుంది, లేదా అసలేమీ రాదు. దానికి తోడు రక్తానికి ఎరుపునిచ్చే హీమ్, నకళ్ళు తీసే పాలిమరేజ్ ఎంజైమును అడ్డుకుంటుంది. పక్షి రక్తంతో ఎఫ్‌టీఏ పనిచేయలేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఇదే: రక్తం తక్కువై కాదు, ఎక్కువై.

అందుకే పక్షులకు 2 మి.మీ. పంచ్ వద్దు, 1.2 మి.మీ. పంచ్ కొనండి. అందులో సుమారు 0.3 మైక్రోలీటరే వస్తుంది. అదీ ఎక్కువనిపిస్తే చుక్క మధ్యలో కాకుండా, రంగు పలచబడే అంచు దగ్గర పంచ్ చేయండి.

రక్తం తీయడం, చుక్క వేయడం

పరిమాణం విషయంలో పరిశోధకులు పాటించే హద్దు శరీర బరువులో 1 శాతం. పది గ్రాముల పిట్టకు అది దాదాపు 100 మైక్రోలీటర్లు. కార్డు కోసం అంత అక్కర్లేదు, 10 నుంచి 20 మైక్రోలీటర్లు చాలు. ఏడెనిమిది గ్రాములుండే తేనెపిట్టల మీద పనిచేసేవాళ్ళకు ఈ కార్డు చేసే అసలు మేలు ఇదే. తక్కువ తీసుకుంటే సరిపోతుంది కాబట్టి పిట్ట క్షేమంగా ఎగిరిపోతుంది.

రెక్క కింద, మోచేయి మడతలో చర్మం కిందే బ్రాకియల్ సిర నీలంగా కనిపిస్తుంది. స్పిరిట్ దూదితో అక్కడి ఈకల్ని పక్కకు తొలగించి, పూర్తిగా ఆరనివ్వాలి. తడిగా ఉంటే రక్తం చుక్కగా నిలవకుండా ఈకల్లోకి పాకిపోతుంది, పైగా చిన్న పిట్ట ఒళ్ళు చల్లబడుతుంది. 26 లేదా 27 గేజ్ సూదితో ఒక్క పోటు, అంతే. సిరంజితో లాగొద్దు, ఇంత సన్నటి సిర లోపలికి అణిగిపోతుంది. పైకి వచ్చిన చుక్కకు క్యాపిలరీ ట్యూబ్ (సన్నటి గాజు గొట్టం) తగిలిస్తే దానంతటదే ఎక్కుతుంది. మామూలుగా దొరికే 75 మి.మీ. ట్యూబులో ఒక సెంటీమీటరు పొడవు రక్తం అంటే సుమారు 10 మైక్రోలీటర్లు. రెండు సెంటీమీటర్లు రాగానే ఆపేసి, పొడి దూదితో అర నిమిషం నుంచి నిమిషం దాకా మెల్లగా నొక్కి పట్టాలి. రక్తం పూర్తిగా ఆగాకే వదలాలి.

ట్యూబు కొనేటప్పుడు దాని చివరన ఉన్న రంగు పట్టీ చూడండి. ఎర్ర పట్టీ అంటే సాధారణంగా లోపల హెపారిన్ పూత ఉందని. హెపారిన్ పీసీఆర్‌ను దెబ్బతీస్తుంది, కడిగినా పూర్తిగా పోదు. నీలి పట్టీ ఉన్న పూత లేని ట్యూబు కావాలి. ప్యాకెట్ మీద రాసింది కూడా చదవండి, రంగు ఒక్కదాన్నే నమ్మొద్దు. మెడికల్ షాపులో అడిగితే చేతికిచ్చేది చాలాసార్లు హెపారిన్‌దే. పూత లేని ట్యూబులో రక్తం త్వరగా గడ్డకడుతుంది కనుక, తీసిన వెంటనే కార్డు మీద వేసేయాలి. పిట్ట కొలతలన్నీ అయ్యాక వేద్దాంలే అనుకుంటే గడ్డ తప్ప ఏమీ మిగలదు.

చుక్క వేసే తీరు కూడా చూసుకోవాలి. ట్యూబు కొసను కాగితానికి అలా తాకించి ఉంచితే చాలు, కాగితమే లాగుకుంటుంది. 10 మైక్రోలీటర్లు సుమారు 7 మి.మీ. వెడల్పు మచ్చగా పరుచుకుంటాయి. కొసతో కాగితాన్ని గీకొద్దు, తడి మచ్చ మీద ఇంకో చుక్క పోయొద్దు. రెండో చుక్క పక్కన వేయండి. తర్వాత కార్డు తిప్పి వెనకవైపు చూడండి. ఎరుపు వెనక్కి సమానంగా దిగి ఉంటే రక్తం పీచుల్లోకి ఇంకినట్టు. ముందువైపు నల్లగా, లక్క పూసినట్టు మెరుస్తూ, వెనక తెల్లగానే ఉంటే గడ్డకట్టిన రక్తం పైపైన కూర్చుందన్నమాట. రసాయనాలు దాన్ని చేరలేదు, కణాలు పగల్లేదు. అది ఆరాక పెచ్చులుగా ఊడి పక్క మచ్చ మీద పడుతుంది కూడా. అలాంటి వలయాన్ని కొట్టేసి, వీలుంటే తాజా చుక్క ఇంకో వలయంలో వేయడం మేలు.

నంబరు పెన్సిల్‌తోనే రాయాలి. మార్కర్ సిరా స్పిరిట్ తగిలితే పోతుంది. పిట్ట కాలి రింగు నంబరు, జాతి, తేదీ, స్థలం కార్డు మీదే ఉండాలి. కవరు మీద రాసి కార్డు మీద రాయకపోతే, కవర్లు మారిన రోజు ఆ శాంపిళ్ళన్నీ అనాథలే. డబ్బు కలిసొస్తుందని ఒకే వలయంలో రెండు మూడు పిట్టల రక్తం వేసేవాళ్ళున్నారు. అది మాత్రం చేయొద్దు. 10 మైక్రోలీటర్ల మచ్చలు తడిలో కొంచెం పాకినా కలిసిపోతాయి, తర్వాత ఒక పిట్ట జన్యువుల్లో మూడో యుగ్మవికల్పం (ఒక పిట్టలో ఒక జన్యువుకు రెండు రూపాలకు మించి ఉండవు) ఎక్కడినుంచి వచ్చిందో తలబద్దలు కొట్టుకోవాలి. ఒక పిట్టకు ఒక వలయం. అరుదైన జాతి దొరికితే రెండు వలయాలు.

ఆరబెట్టడం: ఈ కార్డు అసలు బలహీనత

గది ఉష్ణోగ్రతలో గంటసేపు ఆరితే చాలని సూచనల్లో ఉంటుంది. ఏసీ ల్యాబులో అది నిజం. నీలగిరి షోలా అడవిలో మబ్బు దిగిన పూట, లేదా కోరింగ మడ అడవుల పక్కన ఆగస్టులో గంటకు ఆరదు. తడి ఆరని కార్డును జిప్ కవర్లో పెట్టి బిగిస్తే రెండు రోజుల్లో బూజు. తేమ ఉన్నంతకాలం రసాయనాల రక్షణ అంతంతమాత్రమే, డీఎన్‌ఏ ముక్కలవుతూనే ఉంటుంది.

పని జరిగే పద్ధతి ఒకటుంది. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా అడుగున రెండు వేళ్ళ మందాన సిలికా జెల్ పోసి, దాని మీద జల్లెడ ముక్క, ఆపైన కార్డులు ఒకదానికొకటి తగలకుండా మూతలు తెరిచి నిలబెట్టాలి. రాత్రంతా అలా ఉంచాలి. రంగు మారే సిలికా తీసుకోండి. నీలం గులాబీ రంగుకు మారినా, నారింజ ఆకుపచ్చకు మారినా తేమ పట్టేసినట్టే. పెనంలో సన్న సెగ మీద వేయించి మళ్ళీ వాడుకోవచ్చు. (నీలం రకంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది విషం. వంట పెనం మీద వేయించొద్దు, నారింజ రకమే కొనండి.) త్వరగా ఆరుతుందని ఎండలో పెట్టడం తప్పు. అతినీలలోహిత కిరణాలు డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. హెయిర్ డ్రయ్యరు వేడి కూడా పనికిరాదు, హీమ్ కాగితానికి అతుక్కుపోయి తర్వాత కడిగినా వదలదు. బల్ల మీద బాహాటంగా ఆరబెడితే చీమలు వదలవు, వలయం మధ్యలో కన్నం పెట్టేస్తాయి.

ఆరిన కార్డును ముందు కాగితపు కవర్లో, తర్వాత సిలికా పొట్లంతో పాటు జిప్ కవర్లో పెట్టాలి. ఇలా దాచిన కార్డులు గది ఉష్ణోగ్రతలోనే ఏళ్ళ తరబడి పనికొస్తాయి. మన ఊళ్ళ వేసవి, కరెంటు కోతల మధ్య ఈ ఒక్క గుణానికే కార్డుకు పూర్తి మార్కులు ఇవ్వొచ్చు. ఫ్రీజరు ఆగిపోయి శాంపిళ్ళు పోయాయనే బాధ దీనితో లేదు.

ల్యాబులో

1.2 మి.మీ. డిస్క్‌ను ట్యూబులో వేసి, 200 మైక్రోలీటర్ల ఎఫ్‌టీఏ ప్యూరిఫికేషన్ రియేజెంట్ (కడిగే ద్రావణం) పోసి, ఐదు నిమిషాలు ఉంచి, ఆ ద్రావణాన్ని తీసేయాలి. ఇలా మూడుసార్లు. తర్వాత 200 మైక్రోలీటర్ల టీఈ బఫర్‌తో (ట్రిస్, ఈడీటీఏ కలిసిన ద్రావణం) ఐదేసి నిమిషాలు రెండుసార్లు. ఈ టీఈలో ఈడీటీఏ 0.1 మిల్లీమోలారే ఉండాలి. ల్యాబులో మామూలుగా ఉండే 1 మిల్లీమోలార్ సీసా ఎత్తి వాడితే మిగిలిన ఈడీటీఏ పీసీఆర్‌లోని మెగ్నీషియాన్ని పట్టేస్తుంది. తర్వాత డిస్క్‌ను గది ఉష్ణోగ్రతలో గంటసేపు ఆరబెట్టి, దాని మీదే పీసీఆర్ మిక్స్ పోయాలి. డీఎన్‌ఏ విడిగా తీయాల్సిన పనిలేదు, గంటన్నర, రెండు గంటల్లో పీసీఆర్‌కు సిద్ధం. ఓ రాత్రంతా ప్రోటీన్లను కరిగించే ప్రోటినేజ్-కేలో నానబెట్టి కాలమ్ (డీఎన్‌ఏను పట్టి ఉంచే వడపోత గొట్టం) కిట్‌తో తీసే పద్ధతితో పోలిస్తే ఇది పెద్ద ఆదా.

కడిగాక డిస్క్ రంగు చూడండి. తెల్లగా, మహా అయితే లేత మీగడ రంగులో ఉండాలి. గోధుమరంగు మిగిలి ఉంటే ఇంకో రెండుసార్లు రియేజెంట్‌తో కడగండి. పిట్ట రక్తానికి మూడుసార్లు చాలకపోవడం మామూలే. అయినా వదలకపోతే అది వేడికి ఆరిన కార్డో, మందంగా వేసిన మచ్చో అయి ఉంటుంది. అప్పుడు పలచటి అంచు నుంచి కొత్త డిస్క్ తీయడమే దారి.

పంచ్ విషయానికొస్తే, ఒక శాంపిల్ నుంచి ఇంకోదానికి వెళ్ళేముందు శుభ్రమైన ఖాళీ కాగితం మీద మూడు నాలుగుసార్లు పంచ్ చేయాలి. ప్రతి బ్యాచ్‌లో రక్తం లేని భాగం నుంచి ఒక ఖాళీ డిస్క్‌ను కూడా పీసీఆర్‌కు పెట్టాలి. అందులో బ్యాండు వస్తే ఆ బ్యాచ్ మొత్తం చెత్తబుట్టకే. ఏసీ గాలి పొడిగా ఉన్నచోట 1.2 మి.మీ. డిస్క్ స్థిర విద్యుత్తుతో ఎగిరి ఎక్కడో పడుతుంది. ట్యూబు అడుగున ముందే కొంచెం రియేజెంట్ పోసి ఉంచి, అందులోకి నేరుగా వదిలితే ఈ బెడద తగ్గుతుంది. రియల్ టైమ్ పీసీఆర్‌లో మాత్రం డిస్క్‌ను ట్యూబులో ఉంచొద్దు, మెషీన్ కాంతిని చదివేచోట అడ్డుపడుతుంది.

ఏ ప్రశ్నకు ఎంత నమ్మొచ్చు

ఆడా మగా తేల్చడానికి కార్డు బ్రహ్మాండంగా సరిపోతుంది. పక్షుల్లో ఆడదానికి జడ్, డబ్ల్యూ క్రోమోజోములు, మగదానికి రెండూ జడ్. సీహెచ్‌డీ జన్యువు రెండు క్రోమోజోముల మీదా ఉంటుంది, కానీ దాని మధ్యలో ప్రోటీన్‌గా మారని భాగం (ఇంట్రాన్) పొడవు తేడా. 1998లో గ్రిఫిత్స్ బృందం ఇచ్చిన పీ2, పీ8 ప్రైమర్లతో (పీసీఆర్ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కలతో) చాలా జాతుల్లో ఆడదానికి రెండు బ్యాండ్లు, మగదానికి ఒకటి వస్తాయి. తేడా మరీ తక్కువైన జాతులకు 1999 నాటి 2550ఎఫ్, 2718ఆర్ జత మంచిది. ఒక జాగ్రత్త ఉంది. డీఎన్‌ఏ దెబ్బతిన్నా, డిస్క్ సరిగా కడగకపోయినా రెండు బ్యాండ్లలో ఒకటి రాకుండా పోవచ్చు. అప్పుడు ఆడది మగదిగా కనిపిస్తుంది. అంటే పొరపాటు ఎప్పుడూ ఒకే వైపుకి. ఒక్క బ్యాండు వచ్చిన ప్రతి శాంపిల్‌నూ ఇంకో డిస్క్‌తో మళ్ళీ చేయాలి. చిలుకల జత కోసం పరీక్ష చేయించేవాళ్ళు ‘మగ’ అన్న రిపోర్టు వస్తే రెండోసారి చేశారా అని అడగడంలో తప్పులేదు.

మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగం, దానికి సొంత డీఎన్‌ఏ ఉంటుంది) జన్యువులతో జాతిని గుర్తించే పనికి కార్డు పనికొస్తుంది, కానీ లోపల ఒక చిక్కు ఉంది. పక్షి రక్తంలో కేంద్రకాలు మెండు, మైటోకాండ్రియా తక్కువ. పరిణామ క్రమంలో మైటోకాండ్రియా జన్యువుల నకళ్ళు కొన్ని కేంద్రకంలోకి చేరి పనికిరాకుండా మిగిలిపోయాయి. రక్తం నుంచి పీసీఆర్ చేస్తే అసలుది వదిలి ఈ నకలును పట్టుకునే ప్రమాదం కండరం కంటే ఎక్కువ. సీక్వెన్స్‌లో జంట శిఖరాలు (ఒకేచోట రెండు సంకేతాలు), ప్రోటీన్‌గా అనువదిస్తే మధ్యలోనే ఆపేసే స్టాప్ కోడాన్లు కనిపిస్తే అనుమానించాలి. అది చూడకుండా ‘కొత్త వంశం దొరికింది’ అని సంబరపడితే పరువు పోతుంది. ఈ తప్పు కార్డుది కాదు, రక్తానిది.

జన్యు వైవిధ్యం, జనాభాల మధ్య దూరం లాంటి ప్రశ్నలు ఇంకా లోతైనవి. పశ్చిమ కనుమల ఆకాశ ద్వీపాల (లోయల మధ్య దీవుల్లా విడిగా నిలిచిన ఎత్తైన శిఖరాల) మీద జరిగిన పని దీనికి మంచి ఉదాహరణ. ఇప్పుడు తిరుపతి ఐసర్‌లో పక్షుల మీద పరిశోధన నడిపిస్తున్న వి.వి. రాబిన్, బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లోని ఉమా రామకృష్ణన్, వాళ్ళ సహచరులు 2015లో 23 జాతుల కొండ పక్షుల జన్యువుల్ని పోల్చారు. వెడల్పూ లోతూ ఎక్కువున్న పాలక్కాడ్ కనుమ ఎక్కువ జాతుల్ని విడదీసిందని తేల్చారు. 2017లో రాబిన్, సుష్మా రెడ్డి తదితరులు రెండు కొత్త ప్రజాతుల్ని (జీనస్‌లను) ప్రతిపాదించారు: మూడు జాతుల షోలాకిలి, నాలుగు జాతుల చిలప్పన్. శిఖరం మీది షోలా దాటి కిందికి దిగని పిట్టలివి. లోయకు అటూ ఇటూ లక్షల ఏళ్ళుగా విడిగా బతికాయి. ఇలాంటి పనిలో కొన్ని మైటోకాండ్రియా జన్యువులు, కొన్ని కేంద్రక జన్యువులు సీక్వెన్స్ చేయడం వరకు కార్డు శాంపిల్ సరిపోతుంది. మైక్రోశాటిలైట్లకూ (డీఎన్‌ఏలో పదే పదే తిరిగొచ్చే చిన్న ముక్కలకూ) సరిపోతుంది.

జీనోమ్‌లో వేల చోట్ల ముక్కల్ని చదివే డీడీరాడ్ లాంటి పద్ధతికి వచ్చేసరికి వందల నానోగ్రాముల, ముక్కలు కాని డీఎన్‌ఏ కావాలి. పిట్ట రక్తం కాబట్టి నాలుగైదు డిస్కులు కలిపి, రాత్రంతా 56 డిగ్రీల దగ్గర ప్రోటినేజ్-కేలో నానబెట్టి, కాలమ్‌తో తీస్తే పరిమాణం రావచ్చు. నాణ్యత మాత్రం ఆ కార్డు ఎలా ఆరిందో దాన్నిబట్టే ఉంటుంది. లైబ్రరీ (సీక్వెన్సర్‌కు పెట్టేలా డీఎన్‌ఏను తయారుచేయడం) ఖర్చు పెట్టేముందు జెల్ మీద చూడాల్సిందే. పొడవాటి డీఎన్‌ఏ ముక్కల్ని ఏకబిగిన చదివే లాంగ్ రీడ్ సీక్వెన్సింగ్‌కు, క్రోమోజోము స్థాయి రిఫరెన్స్ జీనోముకు ఇది పనికిరాదు. వాటికి ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించిన కణజాలమో, వెంటనే ఫ్రీజ్ చేసిన రక్తమో కావాలి. ఆర్‌ఎన్‌ఏ కోసం కూడా ఈ కార్డు కాదు.

పక్షి మలేరియా మీద పనిచేసేవాళ్ళకు ఒక హెచ్చరిక. పరాన్నజీవి డీఎన్‌ఏ కూడా కార్డు మీద నిలుస్తుంది. అయితే అడవి పిట్టల్లో పరాన్నజీవుల సంఖ్య చాలాసార్లు బాగా తక్కువ. 0.3 మైక్రోలీటరు డిస్కులో ఒక్కటీ లేకపోవచ్చు. నెగెటివ్ అంటే జబ్బు లేదని కాదు, ఆ డిస్కులో పడలేదని కావచ్చు. కనీసం మూడు వేర్వేరు డిస్కులు చేయాలి, ఒక గాజు పలక మీద రక్తపు పూత కూడా తీసి ఉంచాలి. పరాన్నజీవిని మైక్రోస్కోపు కింద చూపించే పని కార్డు చేయలేదు.

ట్యూబులతో పోలిస్తే

క్వీన్స్ లైసిస్ బఫర్ (కణాల్ని పగలగొట్టి డీఎన్‌ఏను దాచే ద్రావణం) 1991 నుంచి పక్షుల రక్తానికి వాడుకలో ఉంది. 100 మి.లీ.కి 1 మోలార్ ట్రిస్ 1 మి.లీ., 5 మోలార్ ఉప్పు ద్రావణం 0.2 మి.లీ., 0.5 మోలార్ ఈడీటీఏ 2 మి.లీ., లారాయిల్ సార్కోసిన్ 1 గ్రాము, పీహెచ్ 8.0. మిగతాది శుద్ధి చేసిన నీరు. ఒక మి.లీ. బఫర్‌కు 50 మైక్రోలీటర్లు మించి రక్తం వేయొద్దు. వేస్తే కేంద్రకాల నుంచి వెలువడిన డీఎన్‌ఏ అంతా కలిసి జిగురు ముద్దవుతుంది, పిపెట్‌కు ఎక్కదు. కార్డుతో పోలిస్తే ఖర్చు నామమాత్రం, డీఎన్‌ఏ పొడవుగా, ఎక్కువగా వస్తుంది. తక్కువేమిటంటే ట్యూబు లీకవుతుంది, మూత దగ్గర పారాఫిల్మ్ (సాగే మైనపు పొర) చుట్టాలి, ఎండల్లో నెలలు గడిస్తే నాణ్యత తగ్గుతుంది. స్వచ్ఛమైన ఇథనాల్‌లో డీఎన్‌ఏ కూడా బాగుంటుంది. రక్తం వేయగానే ట్యూబు ఊపకపోతే గడ్డై కూర్చుంటుంది. మండే ద్రవం కాబట్టి విమానంలో తీసుకెళ్ళడం తలనొప్పి.

మా సిఫారసు: ప్రతి పిట్ట నుంచి 20 మైక్రోలీటర్లు తీస్తే సగం కార్డు మీద, సగం ఇథనాల్‌లో వేయండి. కార్డు రేపటి పీసీఆర్‌కు, ట్యూబు ఐదేళ్ళ తర్వాత ఎవరో అడగబోయే జీనోమ్ ప్రశ్నకు. ఒకసారి వదిలేసిన పిట్ట మళ్ళీ వలలో పడుతుందన్న నమ్మకం లేదు.

కార్డు బయటికి తీయకూడని సందర్భాలూ ఉన్నాయి. ఒకప్పుడు కర్నూలు ప్రాంతపు రోళ్ళపాడులో కనిపించిన బట్టమేక పిట్టలో జన్యు వైవిధ్యం బాగా తక్కువని 2011లో వెలువడిన అధ్యయనం చూపించింది. 1986లో కడప జిల్లా లంకమల అడవుల్లో మళ్ళీ కనిపించిన కలివి కోడి సంగతి చెప్పనక్కర్లేదు. ఇలాంటి పక్షుల్ని రక్తం కోసం పట్టుకోవడం సమర్థనీయం కాదు. రాలిన ఈకలో, ఈక కాడ మొదట్లో ఉండే చిన్న ఎండు రక్తపు గడ్డలో డీఎన్‌ఏ దొరుకుతుంది. ఈకల్ని కాగితపు కవర్లో పొడిగా దాచడానికి ఈ కార్డు అవసరమే లేదు.

కార్డు మీద సూక్ష్మజీవులు చాలావరకు చనిపోతాయి, పోస్టులో పంపడం సులువు. అలాగని ఎవరు పడితే వాళ్ళు తీసి పంపేయొచ్చని కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షిని పట్టడానికి, రక్తం తీయడానికి రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాలి. సంస్థలోని జంతు నైతికత కమిటీ ఆమోదం కావాలి. విదేశీ ల్యాబుకు పంపాలంటే జీవవైవిధ్య చట్టం, సైటీస్ (ప్రమాదంలో ఉన్న జీవుల అంతర్జాతీయ వ్యాపారంపై ఒప్పందం) నిబంధనలు వర్తిస్తాయి. ఈ కాగితాలన్నీ చేతికి రావడానికి కార్డులు రావడానికంటే ఎక్కువ సమయం పడుతుంది, అందుకే వాటినే ముందు మొదలుపెట్టండి.

కొనేటప్పుడు: క్లాసిక్ కార్డులు వంద ప్యాక్‌గా వస్తాయి. రంగు మారే ‘ఇండికేటింగ్’ రకం లాలాజలం లాంటి రంగులేని శాంపిళ్ళకు, రక్తానికి ఆ అదనపు డబ్బు దండగ. ‘ఎల్యూట్’ అని ఇంకో రకం ఉంది. అందులో డీఎన్‌ఏ కాగితంలో నిలవకుండా వేడినీళ్ళలోకి దిగుతుంది, కడిగే పద్ధతి పూర్తిగా వేరు. ఆర్డరులో క్లాసిక్, ఎల్యూట్ తారుమారైతే పైన చెప్పిన పద్ధతి పనిచేయదు. ప్యూరిఫికేషన్ రియేజెంట్, 1.2 మి.మీ. పంచ్, దాని కింద వేసే రబ్బరు చాప కార్డుతో రావు, విడిగా ఆర్డరు పెట్టాలి. ఈ మూడూ కలిపితే మొదటి బిల్లు ఊహించినదానికంటే బాగా పెరుగుతుంది. పంచ్ మొన మొద్దుబారితే డిస్క్ తెగకుండా పీచులు లాగుతుంది, ఆ పీచులే పక్క ట్యూబులోకి పోతాయి. పెద్ద ప్రాజెక్టు అయితే రెండో పంచ్ కూడా ఆ ఆర్డరులోనే రాయించండి.